పేరు మఱచిన పుస్తకములు

చదువుకొన్న కుటుంబములలో పుస్తకములను గూర్చి ప్రసంగము వచ్చినపుడెల్ల తఱచుగ వినవచ్చు మాట యొకటి కలదు. చిన్ననాట నొక పుస్తకము చదివితిని. అందొక పాడుగుడి యుండెను, గుడిక్రింద నేలమాళిగ యుండెను, మాళిగలో జడలు గట్టిన ముసలివాడొకడు కూర్చుండి యుండెను. పుస్తకము పేరు మాత్రము జ్ఞాపకము లేదు, అని. ఇట్లు చెప్పువారు నిన్నటి వార్తాపత్రికలో నేమి చదివిరో నేడు చెప్పజాలరు. అయినను ఆ మాళిగకు మెట్లెన్నియో చెప్పుదురు. అట్టమీది రంగు చెప్పుదురు. వేసవి సెలవులలో ఏ మేనమామగారి యింట, ఏ యటుకమీద దాగి చదివిరో చెప్పుదురు. వ్రాసినవారెవరని యడిగినచో మాత్రము చిఱునవ్వు నవ్వి యూరకుందురు.

ఈ నవ్వును తేలికగా గొనరాదని మా యభిప్రాయము. నన్నయ మొదలుకొని పెద్దల కొఱకు వ్రాయబడిన గ్రంథముల చరిత్రలు మనకు పెక్కులు కలవు. ఏ కవి యే రాజు నాశ్రయించెను, ఏ కావ్యము నెవరికంకిత మిచ్చెను అను విషయములపై వాదములు తరములు తరములుగా సాగినవి. ఆ కావ్యములను చదువువారిని ముందుగా చదువరులనుగా చేసినది, పది పన్నెండేండ్ల ప్రాయమున దీపముక్రింద చదివిన బొమ్మల పుస్తకము. దాని చరిత్ర మనకు తగినంతగా లేదు. వెలగా వెంకటప్పయ్యగారివంటి గ్రంథాలయోద్యోగులు కొందఱు బాలసాహిత్యపు వివరములను కూర్చుటకు జీవితకాలము పాటుపడిరి గాని, వారు తోడు లేక చేసిన పని యది. తక్కిన విద్వల్లోకమునకు పిల్లల పుస్తకము పుస్తకము కాదు.

పేరు మఱచుట పిల్లవాని దోషమని సామాన్యముగ అనుకొందురు. మేము విచారించిన కొలదిని దోషము వానిది కాదనియే తోచుచున్నది. పుస్తకమును కుట్టినవారు, అమ్మినవారు, ఇంటిలో నుంచుకొన్నవారు, లెక్క వ్రాసికొన్నవారు, వీరందఱును కలిసి ఆ పేరును పోగొట్టిరి.

మొదట కుట్టుపనియే చూడుడు. పిల్లల పుస్తకము అగ్గువగా నుండవలెను. కాబట్టి చౌకకాగితము వాడుదురు. కొయ్యగుజ్జుతో చేసిన యా కాగితములో ఆమ్లము మిగిలియుండుటచేత అది కొన్ని సంవత్సరములకే పసుపువన్నెకు తిరిగి, ముప్పది నలువది యేండ్లకు అప్పడమువలె విఱిగిపోవును. కుట్టుటకు దారము బదులు ఇనుపతీగె గ్రుచ్చుదురు. మన తీరప్రాంతపు తేమకు ఆ తీగె త్రుప్పుపట్టి కాగితమును తినివేయును. అప్పుడు ముందుగా నూడిపోవునది పైయట్ట, దానితోకూడ ముఖపత్రము, వానికి జోడైన కడపటి యాకు. పుస్తకము పేరును, గ్రంథకర్త పేరును, అచ్చుకూటము పేరును, సంవత్సరమును, వెలయు నుండునవి సరిగా ఆ యాకులే. లోపలి కథ మఱి పదియేండ్లు నిలుచును. అన్న చదివి తమ్మునకిచ్చునప్పటికే పేరు పోయియుండును. తమ్ముడు పేరు మఱచెననుట న్యాయము కాదు. వానికి పేరు చేరనే లేదు.

ఇంటిలో జరిగినది యింకొకటి కలదు. మాసపత్రికలను ఏడాదికొకసారి బైండుచేయించుట మన కుటుంబములలో పెద్ద యలవాటు. బైండువాడు అట్టలను తీసివేసి, అంచులు కోసి, ఎఱ్ఱని కాలికో గుడ్డతో కట్టి యిచ్చెడివాడు. మఱికొందఱు గృహిణులు ఇంకను శ్రద్ధతో, ధారావాహికగా వచ్చిన కథ పుటలను మాత్రమే నెలనెల చించి దాచి, కథ పూర్తియైన పిదప ఒక్క పుస్తకముగ కుట్టుకొనిరి. ఇట్టి పుస్తకము బీరువాలో తక్కిన పుస్తకములతో సమానముగ కూర్చుండును. దానినే చదివి పెరిగిన బిడ్డ పెద్దయై, ఆ పుస్తకము నెక్కడ కొనవచ్చునని దుకాణముల వెంట తిరుగును. దొరకదు. అట్టి పుస్తకమును ఎవ్వరును ప్రకటింపలేదు. అది ఆ యింటిలో తప్ప లోకమున మఱెక్కడను లేదు.

ఇక జ్ఞాపకము సంగతి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రజ్ఞుడైన బార్ట్‌లెట్ 1932లో ప్రకటించిన గ్రంథములో, అపరిచితమైన యొక కథను చదివించి, కొన్ని దినములకును నెలలకును మరల చెప్పించి చూచిన పరీక్షలను వర్ణించెను. చెప్పినవారు కథను దాచియుంచి తీసి యిచ్చుటలేదు. తమకు తెలిసిన వస్తువులతో దానిని మరల కట్టుచున్నారు. తెలియని పడవ తెలిసిన పడవ యగుచున్నది; అర్థముగాని సంగతి జారిపోవుచున్నది. బాల్యమున చదివిన కథకు అఱువది యేండ్లలో నిట్టి మరమ్మతు లెన్ని జరిగియుండునో ఊహింపవచ్చును.

అందుచేతనే కథాంశమును పట్టుకొని పుస్తకమును వెదకుట మిక్కిలి కష్టము. ఏడు సముద్రముల కవతల, చెట్టుతొఱ్ఱలోనో, పంజరములోనో ఉన్న చిలుకలో మాంత్రికుని ప్రాణమున్నదను కథ చదివితిమని పలువురు చెప్పుదురు. అది బాలనాగమ్మ కథ యని మనము వెంటనే చెప్పగలము. కాని యే బాలనాగమ్మ? బుఱ్ఱకథవారు పాడినది కలదు. సంతలలో అమ్మిన సన్నపుస్తకము కలదు. సురభివారి నాటకము కలదు. 1942లో జెమినివారు కాంచనమాల నాయికగా తీసిన చిత్రము కలదు. పైగా ప్రాణమును దేహమునకు వెలుపల దాచుకొన్న రాక్షసుని కథ రష్యా మొదలు ఆఫ్రికా వఱకు చెప్పుకొనునదే. జానపదకథలను వర్గీకరించిన పండితులు దానికి 302 అను సంఖ్య నిచ్చి యుంచిరి. చిలుక యొక్కటే గుర్తున్నవానికి పుస్తకము దొరకుట, గోదావరిలో పడిన ఉంగరము దొరకుటవంటిది.

సినిమా తెచ్చిన చిక్కు ప్రత్యేకముగ చెప్పదగినది. మధిర సుబ్బన్న దీక్షితకవిగారి కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములు. కాశికి నడచిపోవు మణిసిద్ధుడను యతి, తోడువచ్చిన గొల్లపిల్లవానికి మజిలీ మజిలీకి నొక కథ చెప్పుట అందలి యేర్పాటు. పిల్లవాడు దారిలో ఏదో వింత చూచి యడుగును. గురువు భోజనానంతరము దాని కథ చెప్పును. నేడు వృద్ధులైనవారిలో ఈ కథలు తాము చదివినవో, తాతగారు చెప్పగా వినినవో, 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రములో చూచినవో తేల్చి చెప్పగలవారు అరుదు. ఆ చిత్రకథకు మూలము కాశీమజిలీలలోనిదని చెప్పుదురు. తాతగారి గొంతు, పుస్తకములోని గ్రాంథికము, తెరమీది బొమ్మ, ఈ మూడును ఒక్క జ్ఞాపకముగ అతుకుకొన్నవి. మాకు తెలిసినంతలో ఇట్టి యతుకును విప్పుటకు ఉపాయ మొక్కటే. చూచిన బొమ్మ కదలెనా, నిలిచియుండెనా యని యడుగవలెను. పలువుర కీ ప్రశ్న వినినవెంటనే మనస్సు తేటపడును.

కథకన్న పేరు మేలైన యానవాలు. పాత్ర పేరొక్కటి తెలిసినచో వెదకుట సగము ముగిసినట్లే. మొదట చెప్పిన పాడుగుడినే తీసికొందము. గుళ్లు వేయి కథలలో కలవు. కాని ఆ గుడిని వెదకుచు పోయిన యువకులలో ఒకని పేరు శిఖిముఖి యని చెప్పినచో సందేహము లేదు. అది చందమామలో వచ్చిన శిథిలాలయము. ఖడ్గవర్మ, జీవదత్తుడు అనినచో రాతిరథమో, యక్షపర్వతమో కావలెను. జయశీలుడును సిద్ధసాధకుడును అనినచో మాయాసరోవరము. ఇట్టి పేళ్లను పెట్టినవాడు ఒక్కడే యని వినిననాడు, ఆ కథలు చదివి పెరిగినవారు పొందిన యాశ్చర్యమును మేము కన్నులార చూచితిమి.

ఆ యొక్కడు దాసరి సుబ్రహ్మణ్యము. నాగిరెడ్డి, చక్రపాణిగారలు 1947 జులైలో చందమామను స్థాపించిరి. సుబ్రహ్మణ్యముగారు 1950ల మొదట అందులో చేరి, తోకచుక్క మొదలుకొని భల్లూకమాంత్రికుని వఱకు ఇంచుమించు పాతికేండ్లు ఆ ధారావాహికలను వ్రాసిరి. అవి తెలుగున పుట్టి, తక్కిన భాషల చందమామలలోనికి తర్జుమాయై, దేశమందలి పిల్లలను నెలనెల ఎదురుచూచునట్లు చేసినవి. వానిపై రచయిత పేరు లేదు. 1952 మొదలు 1980లో మరణించువఱకు ఆ పత్రిక వచనమును తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారి పేరును సంపాదకుడుగా అందు కానరాదు. సిబ్బంది వ్రాసినది పత్రిక సొత్తని యేర్పాటు కాబోలు. వ్యాపారమున దాని న్యాయమేదైనను, ఫలితము మాత్రము కఠినము. తరముల పిల్లలు ఒక రచయితకు పరమభక్తులై యుండియు ఆయన యొకడున్నట్లే యెఱుగరు. బొమ్మల మూలన చిత్ర యనియు శంకర్ అనియు సంతకములుండెను గనుక బొమ్మలు వేసినవారు గుర్తుండిరి. కథ చెప్పినవాడు మఱుగున పడెను. సుబ్రహ్మణ్యముగారు 2010 జనవరిలో గతించిరి. పాతసంచికలను పోగుచేసికొన్న పాఠకులు కొందఱు అంతకు కొలదికాలము ముందు నుండియే ఆయన పేరును వెదకి, వెల్లడిచేసి, ఆ కథలు పుస్తకములుగ వచ్చుటకు తోడ్పడిరి. పేరు మఱచిన పుస్తకమును వెదకుట పనిలేనివారి వినోదమని యెవరైన అనినచో, ఈ యొక్క యుదాహరణము చాలును. వెదకినవారు పుస్తకమును పొందిరి. వ్రాసినవాడు తన పేరును పొందెను.

ఇందుకు ప్రతిగా, పేరు అందఱకు తెలిసియు పుస్తకము తెలియని వింత యొకటి కలదు. పెద్దబాలశిక్ష చదివితిమని చెప్పని వృద్ధులు లేరు. పుదూరి సీతారామశాస్త్రిగారి బాలశిక్ష 1832 నాటిది. తరువాత పలువురు దానిని పెంచిరి, తగ్గించిరి, దిద్దిరి. వావిళ్లవారు ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున దానిని సంస్కరించి ప్రకటించిరి. పిదప ఎందఱో ప్రకాశకులు అదే పేరున తమతమ కూర్పులను విక్రయించిరి. గుణింతములు, ఎక్కములు, తిథివారనక్షత్రములు అన్నిటను ఉండును గాని, ఒకరు చదివిన నీతికథ మఱియొకరి ప్రతిలో కానరాదు. ఒకే పుస్తకము చదివితిమని యిద్దఱు వియ్యంకులు సంతోషించి, లోపలి సంగతి మాటాడుకొన్నపుడు తగవు పడుట యసంభవము కాదు.

స్త్రీల విషయమున ఈ వెదకులాటకు గల ప్రయోజనమును మేము ముఖ్యముగ చెప్పదలచితిమి. నూరేండ్ల క్రిందట పుట్టిన యాడపిల్లలలో పెక్కుమంది నాలుగైదు తరగతులతో బడి మానిరి. అటుపై వారు చదివినది అన్నదమ్ముల వాచకములు, ఇంటనున్న నాలుగు కథల పుస్తకములు, ఇరుగుపొరుగునుండి చేబదులు తెచ్చుకొన్న పత్రికలు. వారు పరీక్షలకు పోలేదు. దినచర్యలు వ్రాసికొన్నవారు తక్కువ. వారి చదువునకు మిగిలిన సాక్ష్యము వారి జ్ఞాపకమే.

మాకు పరిచితురాలైన యొక వృద్ధురాలు తాను చిన్నతనమున అట్టలేని యొక పుస్తకము చదివితినని చెప్పుచుండెడిది. అందు మగవారు గడపదాటక, భార్యలకు భయపడుచు అణగియుందురట. రాజ్యము, వ్యవహారము, అధికారము అన్నియు ఆడువారివేయట. దేశము పేరడిగినచో మళయాళ మాంత్రికుల దేశమని చెప్పెను. ఇంటివారు నవ్విరి. ఇట్టి పుస్తక ముండదని, ఆమె తన మనస్సులో కల్పించుకొన్నదని నిశ్చయించిరి. ఆమెయు కొంతకాలమునకు అట్లే అనుకొన్నది. ఆ పుస్తకము కందుకూరి వీరేశలింగముపంతులుగారి సత్యరాజా పూర్వదేశయాత్రలు. ఆంగ్లమున స్విఫ్టు వ్రాసిన గల్లివరు యాత్రలవలన ప్రేరణ పొంది, స్త్రీలే సర్వాధికారిణులైన ఆడుమళయాళమును కల్పించి, మన సంఘములోని న్యాయమును తలక్రిందు చేసి చూపిన గ్రంథమది. ఆమె జ్ఞాపకములో ఆడుమళయాళము మళయాళ మాంత్రికులతో కలిసిపోయినది, తక్కినదంతయు సరియే.

ఇందు గమనింపదగినది పుస్తకము దొరకుట కాదు, అది దొరకదగినదే. పంతులుగారి గ్రంథములు సంపుటములుగ అచ్చుపడి, గ్రంథాలయములలో నిలిచినవి. గమనింపదగినది, పది పండ్రెండేండ్ల బాలిక యొకతె సంస్కరణగ్రంథమును అదేదో తెలియకయే చదివి, దాని సారమును జీవితమంతయు మోసెనను సంగతి. పంతులుగారి పుస్తకములు ఎన్నెన్ని యచ్చుపడెనో పండితులు చెప్పగలరు. అవి యెవరి మనస్సులో పడెనో ఇట్టి జ్ఞాపకములు మాత్రమే చెప్పగలవు. పేరు కుదిరినంతవఱకు ఆమె మాట ముసలమ్మ కల్పన. కుదిరిన పిదప అది చరిత్రకు సాక్ష్యము.

భాషయు మఱుపులో పడునని కొందఱు నమ్మరు. హైదరాబాదు సంస్థానమున పాఠశాలల చదువు చాలవఱకు ఉర్దూలో సాగెను. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును బోధనాభాష ఉర్దూయే. అక్కడ 1948కి ముందు చదువుకొన్న తెలుగువారు కొందఱు, తాము తెలుగున చదివితిమనుకొన్న కథను తెలుగు పట్టికలలో వెదకి వేసారుదురు. వారు దానిని ఉర్దూ వాచకములో చదివి, ఇంటికి వచ్చి తల్లికి తెలుగున చెప్పియుందురు. చెప్పిన భాష నిలిచినది, చదివిన భాష జారినది.

తరువాతి తరమువారికి ఇట్టి చిక్కే మాస్కోనుండి వచ్చినది. ప్రోగ్రెస్ ప్రచురణాలయమువారును, 1982 నుండి రాదుగవారును అక్కడ తెలుగున అచ్చువేసిన పిల్లల పుస్తకములు విశాలాంధ్ర దుకాణములలో కొలదివెలకు దొరకెడివి. ఉప్పల లక్ష్మణరావుగారివంటివారు మాస్కోలో నివసించి తర్జుమాలు చేసిరి. మంచు, ఎలుగుబంటి, గుండ్రని రొట్టె, పొయ్యిమీద పండుకొన్న ముసలివాడు, ఇవి కృష్ణాతీరపు పిల్లల జ్ఞాపకములలో నుండుట ఆ పుస్తకముల చలవయే. 1991లో సోవియట్ రాజ్యము పోయిన పిదప ఆ పుస్తకములు వచ్చుట నిలిచినది. కాని వీనికొక సౌకర్యము కలదు. పుస్తకము చివర సన్నని యక్షరములతో రష్యను భాషలో మూలగ్రంథము పేరు, గ్రంథకర్త పేరు అచ్చువేయుట వారి నియమము. మనవారిలో దానిని చదివినవారు లేరు గాని, ఆ పుట మిగిలినచో మూలము నేడైనను తెలియును. మన ప్రకాశకులు ఇంతపాటి శ్రద్ధ చూపియుండినచో ఈ వ్యాసముతో పని యుండెడిది కాదు.

అయితే ప్రభుత్వపు లెక్కలు లేవా యని చదువరులు అడుగవచ్చును. కలవు. 1867 నాటి 25వ చట్టము ప్రకారము, బ్రిటిష్ ఇండియాలో అచ్చుపడిన ప్రతి పుస్తకము ప్రతులను ప్రభుత్వమునకు ఒప్పగింపవలెను. వానిని మూడునెలల కొకసారి పట్టికగ వ్రాసి గెజెటులో ప్రకటించెడివారు. ఆ పట్టికలో పుస్తకము పేరు, భాష, గ్రంథకర్త, విషయము, అచ్చుపడిన చోటు, అచ్చువేసినవారు, తేది, పుటల సంఖ్య, పరిమాణము, కూర్పు సంఖ్య, ప్రతులెన్ని, వెల యెంత, హక్కుదారు డెవరు, ఆయన కాపురమెక్కడ అనుదాక గడులుండెను. పోలీసు కన్నుతో చేసిన పనియే యైనను, పుస్తకచరిత్రకు ఇంత యుపకారము చేసిన లెక్క మఱొకటి లేదు. లండనునందలి బ్రిటిష్ మ్యూజియమున చేరిన తెలుగు పుస్తకములకు బార్నెట్ అను పండితుడు 1912లో ప్రకటించిన పట్టికయు ఇట్టి ఘనమైన పనియే.

కాని ఈ పట్టికలన్నియు పేరు తెలిసినవాని కొఱకు చేసినవి. పేరు తెలియనివాడు వానిని పట్టుకొని యేమి చేయగలడు? పై గడులలో బొమ్మలున్నవా లేవా యను గడి లేదు. కథలో ఎలుగుబంటి కలదా, గుడి కలదా యను గడి అసలే లేదు. పిల్లవాడు దాచుకొన్నవి అవి. గుమాస్తా దాచుకొన్నవి ఇవి. వెల యొక్కటి మాత్రము అప్పుడప్పుడు ఇరువురకును కలియును. పండుగనాడు ఇచ్చిన నాలుగణాలను కూడబెట్టి కొన్న పుస్తకము వెల ఎవ్వరును మఱువరు గదా.

గ్రంథాలయముల మాటయు చెప్పవలెను. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, వేటపాలెములో 1918లో సారస్వతనికేతనము వెలసినవి. అయ్యంకి వెంకటరమణయ్యగారివంటివారి కృషిచే గ్రంథాలయములు పల్లెలకు వ్యాపించినవి. వేటపాలెమువారు భద్రపఱచిన పాతపత్రికలే నేటి పరిశోధకులకు దిక్కు. అంతటి యుద్యమము పిల్లల పుస్తకములను నిలుపలేకపోవుటకు రెండు కారణములు కనబడుచున్నవి. పిల్లలు చదివిన పుస్తకము అరిగిపోవుట మొదటిది. అరిగినదానిని తీసివేసి క్రొత్తది కొనుట గ్రంథాలయ ధర్మమే గనుక అందు తప్పుపట్టజాలము. రెండవది సంస్కరణవాదుల చిన్నచూపు. మాంత్రికుల కథలు, భూతముల కథలు మూఢత్వమును పెంచునని, అట్టివానిని పోగుచేయుట గ్రంథాలయమునకు గౌరవము కాదని అనుకొన్నవారు ఆ దినములలో తక్కువ కాదు. కథలోని మాంత్రికుని నమ్మి చెడినవారిని మేమెఱుగము. ఆ కథలవలన చదువుట యలవాటై, పిదప పంతులుగారి వ్యాసములను చేపట్టినవారిని చాలమంది నెఱుగుదుము.

పోల్చి చూచినచో ఈ చిన్నచూపు ఇంకను స్పష్టపడును. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు జనుల నోళ్లలో నాడుచుండిన చాటుపద్యములను, ఎవరు చెప్పిరో ఎందుకు చెప్పిరో తెలిసినంతవఱకు విచారించి, చాటుపద్య మణిమంజరియని ప్రకటించిరి. ఆ పద్యములును సగము జ్ఞప్తిలో నుండినవే, పాఠములు మాఱినవే, కర్తలు తాఱుమాఱైనవే. అయినను అవి విద్వాంసుల నోటిలోనివి గనుక ఏరుటకు తగినవని తోచినది. అమ్మమ్మల నోటిలోని పుస్తకములకు అట్టి ప్రభాకరశాస్త్రి యింకను పుట్టలేదు.

ఈ శతాబ్దారంభమున భారత డిజిటల్ గ్రంథాలయమని యొక పెద్ద యత్నము జరిగి, వేలకొలది తెలుగు పుస్తకములు స్కానుచేయబడి కంప్యూటరులో నందఱకు అందుబాటైనవి. అవి పిదప ఇంటర్నెట్ ఆర్కైవులోను చేరినవి. మహోపకారమనుటకు సందియము లేదు. కాని పేళ్లను ఇంగ్లీషు లిపిలో నెక్కించినవారు ఎవరికి తోచినట్లు వారు ఎక్కించిరి. ఒక్కటే మాట నాలుగు విధముల వ్రాయబడియుండును. గ్రంథకర్త స్థానమున ప్రకాశకుడును, ప్రకాశకుని స్థానమున గ్రంథాలయమును కూర్చుండియుందురు. పేరు మఱచిన పుస్తకము అక్కడ ఉండియు, పేరు చెడిన పుస్తకమై మరల మఱుగుపడుచున్నది. అందుచే యంత్రమున్నను మనుష్యుని ప్రశ్న తప్పుట లేదు.

ఆ ప్రశ్న లిండ్లలో అడుగదగినవి. పెద్దవారు పుస్తకమును తలచుకొన్నపుడు, కథ యేమని కాక, అందెవరి పేరైన గుర్తున్నదా యని ముందుగ అడుగవలెను. బొమ్మలు నల్లనివా రంగులవా, పుస్తకము అడ్డమా నిలువా, అక్షరములు లావా సన్నమా, ఎవరింట చదివిరి, అప్పుడే తరగతి, పుస్తకము కొన్నదా తెచ్చినదా, వెల యెంత. చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసికొనవలెను. మనకు తెలిసిన కథతో సరిచేయరాదు. మళయాళ మాంత్రికులని చెప్పిన మాటను ఇంటివారు కేరళమని దిద్ది వ్రాసియుండినచో ఆడుమళయాళము ఎన్నటికిని దొరకెడిది కాదు. వెంటనే సినిమా చూపి, ఇదేనా యని అడుగుట అన్నిటికన్న చెఱుపు, పాతబొమ్మ తుడిచిపెట్టుకొనిపోవును.

ఈ తొందరకు కారణము వృద్ధుల వయస్సు మాత్రమే కాదు. 1867 చట్టమునకు బదులుగ 2023లో నొక చట్టము చేయబడి, 2024 మార్చి 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. అది పత్రికలకు సంబంధించినది. పుస్తకముల నమోదు అందు లేదు. ఇక పుస్తకములకు మిగిలినది 1954 నాటి చట్టము. దాని ప్రకారము ప్రకాశకుడు, అచ్చైన ముప్పదిదినములలో తన సొంత ఖర్చుతో కలకత్తాలోని జాతీయగ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా మొదలైన మఱి మూడింటికిని ఒక్కొక్క ప్రతి పంపవలెను. పంపనివానికి చట్టములో వ్రాసిన జరిమానా, పుస్తకము వెలగాక, ఏబది రూపాయలకు మించదు. నేడొక పిల్లల పుస్తకమును తపాలాలో పంపుటకగు ఖర్చు నాలుగింటికి లెక్కవేసినచో, జరిమానా కట్టుటయే లాభమని తోచుట వింత కాదు. ఈ సంవత్సరము వేసవి సెలవులలో ఏ పిల్లయో ఎక్కడనో మూలకూర్చుండి చదువుచున్న తెలుగు పుస్తకము, అందు బొమ్మలు వేసినవారు, దానిని వ్రాసినవారు, ఏ పట్టికలో నెక్కినట్లు? ఆ పిల్లతల్లి అట్ట చినుగకముందే లోపలి పుటమీద పుస్తకము పేరును, వ్రాసినవారి పేరును, కొన్న సంవత్సరమును సిరాతో వ్రాసి యుంచినయెడల, ఆ యింటివఱకైనను పట్టిక యొకటి యుండును.